గొంతులో గాంధారం: ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి మొదటి వారం

టిబెటన్ బౌద్ధంలో గ్యూతో, గ్యూమే అని రెండు తాంత్రిక విద్యాపీఠాలున్నాయి. అక్కడి భిక్షువులు పూజలో కొన్ని పాఠాలను మామూలు గొంతుతో చదవరు. మనిషి గొంతుకు అందదనిపించేంత కింది శ్రుతిలో చదువుతారు. దాని మీద, అదే గొంతులోంచి, ఇంకో సన్నటి స్వరం కదలకుండా నిలబడి వినిపిస్తుంది. ఒకే మనిషి, ఒకే ఊపిరి, రెండు స్వరాలు. అది ఎలా పుడుతుందో చేతులతో చేసి చూడాలన్నదే ఈ ప్రాజెక్టు.

నా ఉద్యోగం ఫ్యాక్టరీల్లో మోటర్ల చప్పుడు కొలిచి, బేరింగు ఎక్కడ అరిగిందో చెప్పడం. ఉండేది మైసూరులో. గ్యూమే విద్యాపీఠం ఇప్పుడున్నది ఇక్కడికి దగ్గర్లోనే, హుణసూరు తాలూకా గురుపుర టిబెటన్ కాలనీలో. పరికరాలు చేతిలో ఉన్నాయి, పాడేవాళ్లు గంటన్నర దూరంలో ఉన్నారు. ఇంకా ఆలస్యం చేయడం నాకే నచ్చలేదు.

పెట్టుకున్న పనులు ఇవి: విడుదలైన పాత రికార్డింగులను విడదీసి కొలవడం, ఆ గొంతును కంప్యూటర్లో మొదటి నుంచీ కట్టడం, పీవీసీ పైపుతో ఒక నోరు తయారుచేయడం. నా గొంతుతో సాధన కూడా చేయాలని ఉంది, కానీ అది డాక్టరు సరేనంటేనే. వాళ్ల మంత్రపాఠాల జోలికి మాత్రం వెళ్లను. అవి దీక్ష తీసుకున్నవాళ్లవి. నాకు కావలసింది శబ్దం పుట్టే తీరు, దానికి ‘ఓ’ అనే అచ్చు ఒక్కటి చాలు.

జనవరి మూడో వారం: పాత పత్రం

ఈ గొంతును మొదట కొలిచింది ఎవరో చూశాను. ఎంఐటీలో తత్వశాస్త్రం చెప్పే హ్యూస్టన్ స్మిత్ 1964లో భారతదేశం వచ్చి, టిబెట్ నుంచి శరణార్థులుగా వచ్చిన గ్యూతో భిక్షువుల దగ్గర బస చేశాడు. ఒక్కో భిక్షువు ఒక్కడే రెండు మూడు స్వరాలు కలిపి పలుకుతున్నాడని ఆయన చెవి పట్టుకుంది. రికార్డింగును తీసుకెళ్లి తమ సంస్థలోనే ఉన్న కెన్నెత్ స్టీవెన్స్ చేతిలో పెట్టాడు. మాట ధ్వనిశాస్త్రంలో స్టీవెన్స్ పెద్ద పేరు. రేమండ్ టామ్లిన్సన్ కూడా కలిసి, ముగ్గురి పేరుతో 1967లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో పరిశోధన పత్రం వచ్చింది.

దాని సారం మన మాటల్లో చెప్పాలంటే: ఏ గొంతైనా ఒక స్వరం పలికితే, దానికి రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లు, ఇలా హార్మోనిక్‌ల వరస మొత్తం వెంట వస్తుంది. మామూలుగా అవన్నీ కలిసిపోయి ఒకే స్వరంగా వినిపిస్తాయి. ఈ భిక్షువుల గొంతులో మాత్రం 5వదీ 10వదీ పక్కవాటిని దాటి పైకి లేస్తాయి. అలా లేవడానికి కారణం నోరు, గొంతు కలిసి తీసుకున్న ఆకారం. మన చెవి వాటిని విడి స్వరంగా పట్టుకుంటుంది.

మార్కెట్లో దొరికే 1970ల నాటి రికార్డింగులోంచి ఒక నిలకడైన ముక్క కత్తిరించి ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్లో పెట్టాను. ఆధార శ్రుతి 65 నుంచి 75 హెర్ట్జ్ మధ్య కదులుతోంది. మామూలు మగ గొంతు మాట్లాడేది 110, 130 ప్రాంతంలో. స్పెక్ట్రోగ్రాంలో, అంటే శబ్దంలో ఏ హార్మోనిక్ ఎంత బలంగా ఉందో చూపే బొమ్మలో, దువ్వెన పళ్లలా దగ్గరదగ్గరగా గీతలు. వాటిలో 5వదీ 10వదీ నల్లగా, లావుగా. ఎవరూ చెప్పకపోయినా కంటికి ముందు అవే కనబడతాయి.

పిన్ని సాయంత్రం వచ్చింది. గుంటూరులో నలభై ఏళ్లు సంగీతం చెప్పి ఇప్పుడు కొడుకు దగ్గర మైసూరులో ఉంటోంది. ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్లు ఇచ్చాను. కళ్లు మూసుకుని విన్నది. ఒక నిమిషం తర్వాత వేలు పైకెత్తి, “పైన అంతర గాంధారం మోగుతోందిరా. అది పాడేది వేరే మనిషా?” అంది.

“లేదు పిన్నీ, ఆ మనిషే.”

“మరి తంబుర లాగానే కదా!” అని ఇంకోసారి పెట్టించుకుంది.

లెక్క చూస్తే ఆవిడ మాట అక్షరాలా సరి. 10వ హార్మోనిక్ అంటే 5వ దానికి రెట్టింపు, అంటే ఒక స్థాయి పైన. 5వది షడ్జానికి రెండు స్థాయిల పైన అంతర గాంధారం, 5:4 నిష్పత్తి. శ్రుతి కుదిరిన తంబురలో ఎవరూ మీటకుండానే వినిపించే స్వయంభూ గాంధారం ఇదే. కీబోర్డు మీద నొక్కే గాంధారం కంటే ఇది 14 సెంట్లు కింద ఉంటుంది (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). అందుకే పిన్నికి అది తంబుర గాంధారంలా వినిపించింది కానీ హార్మోనియం గాంధారంలా కాదు. ఆధారం 65 అనుకుంటే 10వది 650 హెర్ట్జ్. అడుగున ఉన్న షడ్జానికి మూడు స్థాయిలు దాటాక వచ్చే గాంధారం.

పారిస్‌లో పనిచేసిన వియత్నాం సంగీత పరిశోధకుడు ట్రాన్ క్వాంగ్ హాయ్ ఇంకో సంగతి రాశాడు. గ్యూతో వాళ్ల గొంతులో 10వ హార్మోనిక్ లేస్తే గ్యూమే వాళ్ల గొంతులో 12వది లేస్తుందట. 12 అంటే మూడు నాలుగులు. మూడోది పంచమం కాబట్టి 12వదీ పంచమమే. ఒక విద్యాపీఠానిది గాంధారం, ఇంకోదానిది పంచమం. పిన్నికి చెప్పగానే, “అయితే హుణసూరు వాళ్లది పంచమం అన్నమాట. నన్నూ తీసుకెళ్లు,” అంది.

ఫిబ్రవరి: హుణసూరు

పిన్నితో కలిసి వెళ్లాను. హుణసూరు దాటాక మొక్కజొన్న చేల మధ్య కాలనీలు, వాటి మధ్య బంగారు రంగు కప్పులు. 1959 తర్వాత టిబెట్ విడిచి వచ్చినవాళ్లకు అప్పటి మైసూరు (ఇప్పటి కర్ణాటక) ప్రభుత్వం ఇచ్చిన భూముల్లో వెలిసిన కాలనీలివి. గ్యూమే కథ చాలా వెనకటిది. టిబెటన్ బౌద్ధంలో గెలుగ్ శాఖకు మూలపురుషుడైన చోంఖాపా శిష్యుడు షెరాబ్ సెంగే 1433లో టిబెట్‌లో స్థాపించాడు. గ్యూతో ఆ తర్వాత నలభై ఏళ్లకు, 1470లలో వచ్చింది. ఇప్పుడు గ్యూతో ధర్మశాల దగ్గర సిద్ధ్‌బారీలో ఉంది.

గ్యూమేలో ప్రధానంగా చదివే తంత్రాల్లో గుహ్యసమాజం ఒకటి. దాని వ్యాఖ్యాన సంప్రదాయాల్లో ముఖ్యమైనదాన్ని టిబెటన్లు నాగార్జునుడి దాకా తీసుకెళతారు. మాధ్యమిక దర్శనాన్ని చెప్పిన నాగార్జునుడూ, తంత్ర గ్రంథాలు రాసిన నాగార్జునుడూ వేరని చరిత్రకారులంటారు. టిబెటన్ సంప్రదాయానికి ఇద్దరూ ఒకరే. పిన్నికి మాత్రం ఆ పేరు వినగానే కృష్ణ ఒడ్డు గుర్తొచ్చింది. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు గుంటూరు నుంచి వెళ్లి వచ్చిందావిడ. బుద్ధుడు కాలచక్రాన్ని మొదట బోధించింది ధాన్యకటకంలోనేనని టిబెటన్ల నమ్మకం. ఆ రోజు మైకుల్లో విన్న మంద్రధ్వని ఇన్నేళ్లయినా మరిచిపోలేదంది.

రికార్డు చేయడానికి అనుమతి అడగలేదు. కూర్చుని వినడానికి మాత్రమే అడిగాను. పెద్ద వయసు భిక్షువు ఒకాయన, అందరూ గెన్‌లా అని పిలుస్తారు, వెనక గోడ దగ్గర చోటు చూపించారు. ఎర్రటి బరువైన ఉన్ని దుప్పట్లు కప్పుకుని వరసల్లో ఎదురెదురుగా కూర్చున్నారు భిక్షువులు. పాఠం నడిపించేవారిని ఉమ్‌జే అంటారు. ముందు ఆయన ఒక్కరే ఎత్తుకున్నారు. శబ్దం నోట్లోంచి వచ్చినట్టు లేదు, నేల మీది చెక్కలోంచి వచ్చినట్టుంది. ఒక అక్షరం సగం సాగాక మిగతావాళ్లు కలిశారు. అప్పుడు గది మొత్తం మారిపోయింది. 65 హెర్ట్జ్ శబ్దానికి తరంగం పొడవు ఐదు మీటర్ల పైన ఉంటుంది, అంటే ఆ గదిలో అటూ ఇటూ కొన్ని అలలే పడతాయి. అవి కదలకుండా నిలబడిన చోట ఛాతీ అదురుతుంది. రెండడుగులు పక్కకు జరిగితే తగ్గుతుంది. పిన్ని కూర్చున్న చోట ఎక్కువగా ఉందని తర్వాత చెప్పింది.

ఒక్కో అక్షరం ఎంత నెమ్మదిగా కదులుతుందో విన్నవాళ్లకే తెలుస్తుంది. మధ్యలో అర్థం లేని అక్షరాలు చేరుస్తారు, అచ్చు రంగు మెల్లగా మారుస్తారు. పుస్తకం చేతిలో ఉన్నా దీక్ష లేనివాడికి మాటలు అందవు. ఈ బాణీలను యాంగ్‌యిగ్ అనే గీతల లిపిలో రాసుకుంటారు. వంపులు తిరిగిన సన్నటి గీతలు, పైకీ కిందికీ సాగుతూ, మధ్యలో లావెక్కుతూ. మన స్వరలిపిలా స-రి-గ-మలు ఉండవు. గొంతు ఎటు వంగాలో, ఎక్కడ ముదరాలో అవి చెబుతాయి. మధ్యమధ్య రోల్మో తాళాలు, పెద్ద నగారా, పొడవాటి దుంగ్‌చెన్ కొమ్ములు. గ్యాలింగ్ మోగినప్పుడు పిన్ని నా వైపు తిరిగి, “సన్నాయి!” అంది పెదవులతో.

పూజ మొత్తం ఆ గొంతుతోనే సాగదు. చాలా భాగం మామూలు గొంతుతో, లయలో, వేగంగా చదివే పాఠమే. లోతు గొంతు కొన్ని చోట్లకే.

బయటికొచ్చాక గెన్‌లాతో వెన్న టీ తాగుతూ మాట్లాడాం. ఆయనకు కన్నడం, హిందీ బాగా వచ్చు. “గొంతు ఎలా నేర్పిస్తారు గెన్‌లా?” అని అడిగాను. చిన్నప్పటి నుంచీ పెద్దల పక్కన కూర్చోబెడతారనీ, వినీ వినీ వస్తుందనీ, అందరికీ రాదనీ అన్నారు. రాకపోయినా పాఠం ఆగదు, పాఠం గొంతు కంటే ముఖ్యం అని కూడా అన్నారు. నేను చేస్తున్న పని చెప్పి, ‘ఓ’ అచ్చు మీద మాత్రమే సాధన చేస్తానన్నాను. “అది నీ గొంతు, నీ ఇష్టం. జాగ్రత్తగా చేయి,” అన్నారు.

ఫిబ్రవరి చివర: డాక్టరు గది

చెవి-ముక్కు-గొంతు డాక్టరుగారు ముక్కులోంచి సన్నటి కెమెరా దించి తెరమీద చూపించారు. నా గొంతును నేను లోపలి నుంచి చూడటం ఇదే మొదలు. అడుగున తెల్లగా మెరిసే జత స్వరతంత్రులు. వాటికి కాస్త పైన, రెండు పక్కలా, గులాబీ రంగు మెత్తటి మడతలు ఇంకో జత. మామూలు మాటల్లో ఈ పై మడతలకు పని లేదు. బరువెత్తేటప్పుడు, దగ్గేటప్పుడు, గొంతు సవరించుకునేటప్పుడు దగ్గరకు వస్తాయి.

గొంతు సవరించుకుంటున్నట్టు మొదలుపెట్టి, దాని మీదే ‘ఓ’ సాగదీయమన్నారు. తెరమీద పై మడతలు దగ్గరపడి వణికాయి. కింది జత పైదాని కింద దాదాపు దాక్కుంది. రెండు జతల లెక్క విడదీయాలంటే స్ట్రోబ్ దీపం చాలదని ఆవిడే చెప్పారు, దానికి హైస్పీడ్ కెమెరా కావాలి. ఆ పని స్వీడన్ పరిశోధకులు చేశారు. మంగోలియా పద్ధతిలో పాడే గాయకుడి గొంతును హైస్పీడ్ కెమెరాతో తీసి 2001లో ప్రచురించారు. కింది స్వరతంత్రులు రెండుసార్లు మూసుకునేసరికి పై మడతలు ఒకసారి మూసుకుంటున్నాయి. ఉదాహరణకు, కింద 130 హెర్ట్జ్ నడుస్తుంటే పైన 65. చెవికి వినిపించేది 65.

అంటే ఆ మనిషి 65 పాడటం లేదు. 130 పాడుతున్నాడు. ప్రతి రెండో అలను పై మడతలు నొక్కేస్తుంటే శ్రుతి సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతోంది. గుండ్రంగా సగం కాబట్టే అది గరగరలా కాకుండా స్వరంలా నిలుస్తుంది.

డాక్టరుగారు పెట్టిన షరతులు: ఒక విడతకు కొద్ది నిమిషాలే, నొప్పి అనిపిస్తే ఆ రోజుకు ఆపేయాలి, మర్నాడు గొంతు బొంగురుపోతే వారం విరామం, నీళ్లు బాగా తాగాలి. ఇది చదివి ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ముందు ఇలా ఒకరికి చూపించుకోండి. బలం పెట్టి చేసే పని కాదు ఇది.

మార్చి: గొంతు సాధన

ఒకటి శ్రుతి పెట్టుకున్నాను, షడ్జం 130 హెర్ట్జ్. ముందు మామూలుగా ‘ఓ’. తర్వాత ఊపిరి తగ్గించి, గొంతు సవరింపు మెల్లగా కలపడం. మొదట్లో వచ్చింది నిద్ర లేచినప్పటి బండ గొంతు. అది వేరు. అందులో అలలు ఎడాపెడా వస్తాయి, స్వరం నిలవదు, ప్రాట్‌లో గీతలు చెదిరిపోతాయి. అసలుది తగిలినప్పుడు తేడా వెంటనే తెలుస్తుంది. లోపల ఏదో గాడిలో పడినట్టు శబ్దం ఒక్కసారిగా పెద్దదవుతుంది. కంఠమణి మీద రెండు వేళ్లు పెట్టుకుంటే వణుకు కాస్త పైకి జరిగినట్టు అనిపిస్తుంది. తెరమీద 130 గీతల మధ్య కొత్త గీతలు మొలుస్తాయి: 65, 195, 325. ఆ 325 అసలు 130 వరసలో లేదు. 65కి అది 5వది. గాంధారం మొదటి మెట్టు అక్కడే పుడుతోంది.

నాకు ఇది చాలా నచ్చిన సంగతి. మామూలు గొంతుతో 130 దగ్గర పాడేవాడికి 325 దగ్గర గీతే లేదు. శ్రుతి సగానికి దిగాకే ఆ గాంధారానికి చోటు దొరుకుతోంది.

నిలకడగా నిలిపేది కొన్ని సెకన్లే. భిక్షువులు గంటల తరబడి చేసేదానితో దీన్ని పోల్చకూడదు. కొలతకు మాత్రం సరిపోతుంది.

మార్చి చివర: పైథాన్ ప్రోగ్రాములో

సాయంత్రాల్లో ఈ పని నడిచింది. సెకనుకు 130 చొప్పున పల్సులు పుట్టించి, ప్రతి రెండో పల్సును కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోయాను. కొద్దిగా తగ్గిస్తే శ్రుతి మారదు, గొంతుకు గరుకు వస్తుంది. ఇంకా తగ్గిస్తే కాసేపు రెండు శ్రుతుల మధ్య ఊగుతుంది, ఒకసారి 130లా, ఒకసారి 65లా. బాగా తగ్గించాక 65 స్థిరపడుతుంది, ఇక 130గా విందామన్నా వినబడదు.

తర్వాత ఫిల్టర్లు. నోటి మొదటి రెండు ప్రతిధ్వనులు, ఫార్మంట్లు అంటారు వీటిని, ఒకటి 325 దగ్గర, ఇంకోటి 650 దగ్గర పెట్టాను. ఇవి ఊరికే ఎంచుకున్న అంకెలు కావు. పెదవులు బాగా గుండ్రం చేసి, నాలుక వెనక్కి లాగి ‘ఊ’కీ ‘ఓ’కీ మధ్య పలికే అచ్చుకు ఫార్మంట్లు సహజంగా ఆ ప్రాంతంలోనే ఉంటాయి. స్పీకర్లోంచి గాంధారం వచ్చింది. పక్క గదిలోంచి పిన్ని “ఆఁ, అదే!” అని అరిచింది.

ఏప్రిల్: పైపు నోరు

ఈ నెలంతా పైపు పనే. ప్రాజెక్టులో నాకు బాగా ఇష్టమైన భాగం.

ఈ అచ్చుకు నోరు రెండు గదుల్లా పనిచేస్తుంది. నాలుక వెనక్కి వెళ్లి కొండనాలుక దగ్గర దారి ఇరుకు చేస్తుంది. దాని వెనక గొంతు ఒక గది, ముందు నోరు ఒక గది. వెనక గదికి వాకిలి నాలుక చేసిన ఇరుకు, ముందు గదికి వాకిలి పెదవులు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒక స్వరం పలుకుతుంది కదా, ఇక్కడ ఒకదాని వెనక ఒకటి రెండు సీసాలు. గది పెద్దదైతే స్వరం కిందికి, వాకిలి వెడల్పయితే పైకి.

హార్డ్‌వేర్ షాపులో 40 మి.మీ. పీవీసీ పైపు తీసుకున్నాను. లోపలి వ్యాసం 36 మి.మీ. వెనక గదికి 6.3 సెం.మీ. ముక్క, దాదాపు 64 ఘన సెం.మీ. ముందు గదికి 3.5 సెం.మీ. ముక్క, 36 ఘన సెం.మీ. దాకా. రెండింటి మధ్య 2 సెం.మీ. మందం ఉన్న చెక్క బిళ్ల, నడుమ 9 మి.మీ. రంధ్రం. ఇది నాలుక. ముందు చివర 1.5 సెం.మీ. మందం బిళ్ల, 11 మి.మీ. రంధ్రం. ఇవి పెదవులు. వెనక చివర అట్టముక్కకు సన్న రంధ్రం పొడిచి దాని వెనక చిన్న స్పీకరు. అతుకుల దగ్గర ఎం-సీల్, ఒక్క చోట గాలి కారినా స్వరం మొద్దుబారిపోతుంది.

కాగితం మీద లెక్క వేస్తే వెనక గది 320 దగ్గర, ముందు గది 610 దగ్గర రావాలి. రెండు గదులు కలిసినప్పుడు ఒకదాన్నొకటి దూరంగా తోసుకుంటాయి, కిందిది కిందికి, పైది పైకి. కాబట్టి లెక్కలో పైది కాస్త తక్కువగా ఉండటమే నాకు కావాలి. స్పీకర్లో 100 నుంచి 1000 హెర్ట్జ్ దాకా శబ్దం నెమ్మదిగా పెంచుతూ పెదవుల ముందు మైకు పెట్టి కొలిచాను. పైది 650కి దగ్గర్లోనే పడింది. కిందిది 300 కంటే తక్కువకు జారింది. దాన్ని పైకి తేవడానికి నాలుక రంధ్రాన్ని ఎమరీ పేపర్ చుట్టిన పెన్సిలుతో కొద్దికొద్దిగా అరగదీశాను, కొలవడం, అరగదీయడం, మళ్లీ కొలవడం. వెనక గదిలో కొంచెం మైనం అద్ది ఘనపరిమాణం తగ్గించాక 325 దగ్గర కూర్చుంది.

ఇప్పుడు స్పీకర్లో కంప్యూటరు చేసిన 65 హెర్ట్జ్ పల్సులు వదిలాను, ఫిల్టర్లు ఏమీ లేకుండా. స్పీకరు విడిగా చేసే చప్పుడు పాత మోటరు సైకిలు ఇంజనులా ఉంటుంది. పైపు తగిలించగానే అది గొంతు అయింది. ‘ఓ’ అంటోంది, పైన గాంధారం పట్టుకుని. పైపు తీస్తే చప్పుడు, పెడితే గొంతు. పెడుతూ తీస్తూ చాలాసేపు ఉండిపోయాను.

పంచమం సంగతి అప్పుడు గుర్తొచ్చింది. 12వ హార్మోనిక్ 780 హెర్ట్జ్. 650 నుంచి 780కి వెళ్లాలంటే 1.2 రెట్లు. ప్రతిధ్వని వాకిలి వైశాల్యానికి వర్గమూలంలా మారుతుంది కాబట్టి వ్యాసాన్నే దాదాపు 1.2 రెట్లు చేస్తే చాలు, 11 మి.మీ. కాస్తా 13. ఇంకో చెక్క బిళ్లకు 13 మి.మీ. రంధ్రం చేసి పెదవులు మార్చాను.

పిన్నిని పిలిచి రెండూ మార్చి మార్చి వినిపించాను. మొదటి బిళ్ల: “గాంధారం.” రెండో బిళ్ల: “పంచమం. ఇంత తేలికా?”

రెండు మిల్లీమీటర్లు. గ్యూతో గాంధారానికీ గ్యూమే పంచమానికీ మధ్య నా పైపులో ఉన్న తేడా పెదవుల దగ్గర రెండు మిల్లీమీటర్లు. ఆ రెండు స్వరాలూ మూల శబ్దంలో ముందు నుంచీ ఉన్నాయి, 10వదీ 12వదీ, మధ్యలో ఒక్క 11వది. నోరు కొత్త స్వరం కలపడం లేదు, ఉన్నవాటిలో ఒకదాన్ని ఎంచుకుంటోంది. ఈ గొంతును గురించి నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. ఒక్కో విద్యాపీఠం తన ఎంపికను వందల ఏళ్లుగా, చెవినుంచి చెవికి, దేశం మారాక కూడా, మిల్లీమీటరు జారకుండా పట్టుకుని ఉంది.

ఇంకో మాట. ఇంటర్నెట్‌లో ఈ పాఠాలను నిద్రకు, ఒత్తిడికి అని గంటల కొద్దీ వీడియోలుగా పెడుతున్నారు. కొన్నింటిలో తువా గొంతును టిబెటన్ పాఠం అని చెబుతున్నారు. తువా సైబీరియా దక్షిణాన ఉన్న ప్రాంతం. అక్కడ కర్గిరా అనే పద్ధతిలో కూడా పై మడతలు ఇలాగే పనిచేస్తాయి, అంతవరకు చుట్టరికం ఉంది. కానీ వాళ్ల సిగిత్ పద్ధతిలో పై స్వరం ఈలలా 1500, 2000 హెర్ట్జ్ ప్రాంతంలో నడుస్తుంది. నోట్లో రెండు చోట్ల దారి ఇరుకు చేసి రెండో, మూడో ఫార్మంట్లను ఒకదాని మీదికి ఒకటి తెస్తారని 2020లో ఒక పరిశోధన బృందం ఎంఆర్ఐతో చూపించింది. ఆ ఈలతో వాళ్లు బాణీ కడతారు, పై స్వరం పరుగెడుతుంది. భిక్షువుల గొంతులో పై స్వరం పరుగెత్తదు, నిలబడుతుంది. నడిచేది పాఠం. రెండూ గొప్ప విద్యలే, రెండింటినీ ఒకే పేరు కింద కలిపేయడం మాత్రం ఇద్దరికీ అన్యాయం. మంగోలియా ఖూమీ 2010లో, లద్దాఖ్ బౌద్ధ పాఠం 2012లో యునెస్కో జాబితాకెక్కాయి, వేటికవి విడివిడిగానే.

మే: పన్నెండు గొంతులు

హుణసూరులో విన్నది ఒక గొంతు కాదు, గుంపు. అందుకని కంప్యూటర్లో పన్నెండు గొంతులు చేశాను. అన్నీ సరిగ్గా 65 మీద పెడితే ఒకే పెద్ద యంత్రంలా ఉంది. ఒక్కోదాన్ని కొద్దిగా అటూ ఇటూ జరిపాను, 64.8, 65.1, 65.4, అలా.

ఇక్కడ ఒక చక్కటి లెక్క ఉంది. రెండు గొంతుల మధ్య తేడా 0.4 హెర్ట్జ్ అయితే అడుగు స్వరంలో ఊపు రెండున్నర సెకన్లకు ఒకసారి వస్తుంది. 10వ హార్మోనిక్ దగ్గర ఆ తేడా పది రెట్లయి 4 హెర్ట్జ్ అవుతుంది, అంటే సెకనుకు నాలుగుసార్లు. అడుగున నెమ్మదిగా అలలు, పైన గాంధారం తళతళలాడుతూ. గుడిలో ఆ పై స్వరం ఎవరి నోట్లోంచీ కాకుండా గాలిలో తేలుతున్నట్టు అనిపించడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

ఫోనులో వింటే అడుగు శ్రుతి పోతుందని ఒక మిత్రుడు అన్నాడు. ఫోను స్పీకరు 65 హెర్ట్జ్ పలకలేదన్నది నిజమే. అయినా దానిలోనూ మన చెవి 65నే వింటుంది. పై హార్మోనిక్‌లన్నీ 65 దూరంలో వరసగా ఉండటం చూసి, లేని ఆధారాన్ని మెదడు నింపుకుంటుంది. పోయేది శ్రుతి కాదు, ఛాతీలో తగిలే అదురు.

జూన్: గెన్‌లా విన్నారు

పైపూ ల్యాప్‌టాపూ పట్టుకుని మళ్లీ హుణసూరు వెళ్లాను. గెన్‌లా ముందు పైపును చేతిలోకి తీసుకుని రెండు వైపులా కంటితో చూశారు. 13 మి.మీ. బిళ్ల తగిలించి మోగించాను. పైపు ముందు అరచెయ్యి అడ్డం పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, స్వరం మారడం గమనించారు. పక్కనున్న చిన్న భిక్షువులకు ఇచ్చారు. వాళ్లు పెదవుల బిళ్లలు మార్చుకుంటూ కాసేపు వదల్లేదు.

తర్వాత హెడ్‌ఫోన్లలో పన్నెండు గొంతులు. చాలాసేపు విన్నారు. అడుగు స్వరం బాగుందన్నారు. తర్వాత, “వీళ్లందరూ ఒకేసారి ఊపిరి తీస్తున్నారు,” అన్నారు. గుడిలో అలా తీయరట. ఒకరు ఆగినప్పుడు పక్కవాడు సాగిస్తాడు, వరసలో ఎవరెప్పుడు ఆగుతారో కూర్చున్నవాళ్లకు అలవాటే. అందుకే అక్షరం మధ్యలో ధార తెగదు. ఉమ్‌జే ఊపిరి తీసే చోట్లు మాత్రం వేరుగా ఉంటాయి, మిగతావాళ్లు ఆ చోట తప్పకుండా నిండుగా ఉండాలి.

వచ్చి రాగానే ప్రోగ్రాములో ఊపిరి భాగం విడదీశాను. ఇప్పుడు ఒక్కో గొంతుకూ సొంత ఊపిరి పొడవు ఉంది. పక్క గొంతు ఆగబోతుంటే తనది వాయిదా వేసుకోవాలన్న నియమం రాయడం మిగిలింది. ఊపిరి చివర శ్రుతి కొద్దిగా జారుతుంది, అదీ కలపాలి. మధ్య గొంతులకు 11 బిళ్ల ఫార్మంట్లు, చివరి వరసకు 13 బిళ్లవి పెట్టి గాంధారం, పంచమం ఒకే గుంపులో వింటే ఎలా ఉంటుందో చూద్దామని పిన్ని అంటోంది. ఏ విద్యాపీఠంలోనూ అలా ఉండదు కాబట్టి ఆ ఫైలును విడిగా దాస్తాను, గ్యూమే నమూనాతో కలపను. వచ్చే వారం ఊపిరి నియమం పూర్తి చేసి పంపమని గెన్‌లా చెప్పారు.